సముద్రపు నమూనాలు, సజీవ కల్చర్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

సముద్రం నుంచి సేకరించిన నమూనాలను ఎలా నిల్వ చేయాలి, ప్రాణంతో ఉన్న కల్చర్లను, అంటే ప్రయోగశాలలో గొట్టాల్లో పెంచే సూక్ష్మజీవులను, ఎలా కాపాడుకోవాలి, వాటిని ఇతరులకు ఇవ్వవచ్చా, ఇస్తే ఎలా ఇవ్వాలి అని అడుగుతూ ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో పరిశోధక విద్యార్థులూ ప్రయోగశాల సహాయకులూ ఉన్నారు, ఈ రంగంతో సంబంధం లేకపోయినా ఆసక్తి కొద్దీ అడిగినవారూ ఉన్నారు. సూక్ష్మశైవలాల కల్చర్లను సాకుతూ చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నలు నాకు బాగా దగ్గరివి.

ప్రశ్న: ప్లవకాల (నీటితో పాటు కొట్టుకుపోయే చిన్న జీవుల) నమూనాలను ఫార్మలిన్‌లో వేయమని మా గైడ్ గారు చెబుతున్నారు. జన్యుశాస్త్రం చదివే నా స్నేహితురాలు మాత్రం ఆల్కహాల్ తప్ప మరేదీ వద్దంటోంది. ఎవరి మాట వినాలండీ?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఇద్దరూ చెప్పింది సరైనదేనమ్మా. ఆయన మనసులో ఉన్న ప్రశ్న వేరు, ఆమె మనసులో ఉన్నది వేరు. జీవి ఆకారం చెడకుండా, మీసాలూ కాళ్లూ ముళ్లూ ఊడిపోకుండా, ముప్పై ఏళ్ల తర్వాత కూడా మైక్రోస్కోప్ కింద పెట్టి జాతిని గుర్తుపట్టేలా ఉండాలంటే ఫార్మలిన్‌ను మించినది లేదు. బజారులో దొరికే ఫార్మలిన్‌లో సుమారు 37 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. నమూనా ఉన్న సముద్రపు నీరు తొమ్మిది పాళ్లకు ఒక పాలు ఫార్మలిన్ కలిపితే దాదాపు 4 శాతం ద్రావణం తయారవుతుంది. జంతుప్లవకాలకు వాడుకలో ఉన్నది ఇదే. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బిగించి కట్టేస్తుంది కనుక కణజాలం కుళ్లకుండా గట్టిపడి నిలుస్తుంది. ఆ బిగింపే డీఎన్ఏకు శత్రువు. కాలం గడిచేకొద్దీ అది ముక్కలైపోయి, చదవడానికి వీలుకాకుండా పోతుంది.

ఫార్మలిన్‌తో మరో చిక్కుంది. నిల్వ ఉన్నకొద్దీ అందులో ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం సున్నపు గవ్వలను తినేస్తుంది. ఒకసారి పాత సీసా ఒకటి తెరిచి చూస్తే, టెరోపాడ్లు (ఈదే చిన్న సముద్రపు నత్తలు) అని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉంది కానీ లోపల గవ్వ ఒక్కటీ లేదు. మెత్తటి శరీరాలు మాత్రం గాజు అడుగున బురదలా పేరుకుని ఉన్నాయి. ఓడ మీద ఎవరో కష్టపడి పట్టిన జీవులవి. చిటికెడు బోరాక్స్ కలపనందువల్ల వాటి గవ్వల గురించి ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు. కాబట్టి ఫార్మలిన్‌ను బోరాక్స్‌తో గానీ హెక్సమిన్‌తో గానీ తటస్థం చేసిన తర్వాతే వాడండి, ఆ తర్వాత కూడా ఏడాదికొకసారి పీహెచ్ చూడండి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది. గాలి లాగే హుడ్ కింద, చేతితొడుగులు వేసుకుని తప్ప దాన్ని ముట్టుకోవద్దు.

డీఎన్ఏ కోసమైతే 95 శాతం ఇథనాల్ వాడాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు సీసా నిండా జీవులను కుక్కి పైన కొద్దిగా ఆల్కహాల్ పోయడం. జీవుల ఒంట్లోని నీరు బయటికి వచ్చి ఆల్కహాల్‌ను పలచన చేస్తుంది, అప్పుడు అది భద్రపరిచే ద్రవం కాకుండా పోతుంది. సీసాలో నాలుగో వంతుకు మించి నమూనా ఉండకూడదు, ఒకరోజు గడిచాక ఆ ద్రవాన్ని పారబోసి కొత్త ఇథనాల్ పోయాలి. వృక్షప్లవకాలను లెక్కపెట్టడానికి లూగాల్ అయోడిన్ మంచిది, నీరు లేత టీ రంగుకు వచ్చేదాకా కలిపితే చాలు. అది కూడా ఆమ్లగుణం ఉన్నదే కాబట్టి కాకోలిథోఫోర్లు అనే వృక్షప్లవకాల సున్నపు పలకలను కరిగిస్తుంది, పైగా వెలుతురు తగిలితే రంగు పోతుంది. ఇక ఆర్ఎన్ఏ కావాలంటే వల ఎత్తిన నిమిషాల్లోనే ద్రవ నైట్రోజన్‌లో ముంచేయడం మేలు.

నా సలహా ఏమిటంటే, ఓడ మీదే నమూనాను పంచండి. ఫోల్సమ్ స్ప్లిటర్ అనే గుండ్రటి డ్రమ్ములాంటి పరికరం ఇందుకే ఉంది. ఒక సగం మీ గైడ్ గారి ఫార్మలిన్‌కు, మరో సగం మీ స్నేహితురాలి ఇథనాల్‌కు వెళుతుంది. ఒడ్డుకు వచ్చాక మనసు మార్చుకోవడం కుదరదు.

ప్రశ్న: పరిశోధన ముగిసి, ఫలితాలు అచ్చయిన తర్వాత కూడా ఆ సీసాలను దశాబ్దాల పాటు ఎందుకు దాచడం? చోటు, డబ్బు వృథా కాదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: న్యాయమైన ప్రశ్న వేశారు మాస్టారూ. నమూనా సేకరించినవారు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికి ఉండవచ్చు. ఆ నమూనాను అడగదగిన ప్రశ్నలన్నీ అప్పటికి పుట్టి ఉండవు.

1931 నుంచి వాణిజ్య నౌకల వెనుక లాగుతూ నడుపుతున్న ఒక పరికరం ఉంది. సర్ ఆలిస్టర్ హార్డీ రూపొందించిన దీని పేరు కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్. ఓడ కదులుతూ ఉంటే లోపల పట్టువస్త్రపు పట్టీ ఒకటి మెల్లగా చుట్టుకుంటూ పోతుంది. నీటిలోని ప్లవకాలు ఆ పట్టు మీద చిక్కి, అలాగే ఫార్మలిన్‌లోకి చేరతాయి. ఏ ఋతువులో ఏ ప్లవకాలు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవడమే దీని ఉద్దేశం. 1960ల నాటి పట్టు ముక్కలను ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో దాచిపెట్టారు కాబట్టే, 2004లో శాస్త్రజ్ఞులు వాటిని మళ్లీ తీసి చూసి, ప్లాస్టిక్ పోగులు అప్పటికే సముద్రంలో ఉన్నాయనీ, తర్వాతి దశాబ్దాల్లో అవి పెరిగాయనీ చూపగలిగారు. ఆ పట్టును నింపిన నావికుల్లో ఎవరూ ప్లాస్టిక్ కోసం వెతకలేదు. ఇంకా ఆశ్చర్యం, ఆ ఫార్మలిన్ నమూనాల నుంచే విబ్రియో బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా తీసి, సముద్రం వేడెక్కేకొద్దీ వాటి సంఖ్య ఎలా పెరిగిందో కనుగొన్నారు. ఫార్మలిన్ డీఎన్ఏకు శత్రువని పైన చెప్పాను. అయినా కొత్త పద్ధతులు వచ్చేసరికి ఎంతో కొంత దక్కింది. ఈ రోజు పనికిరాదని తీసి పారేసి ఉంటే ఆ కొంతా దక్కేది కాదు.

మరో ఉదాహరణ చెబుతాను. 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన చాలెంజర్ నౌక తెచ్చిన నమూనాలు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలోని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గవ్వలను 2009 తర్వాత తారా అనే పరిశోధక నౌక సేకరించినవాటితో పోల్చి, ఇప్పటి గవ్వలు పలచబడ్డాయనీ, ఒక జాతిలో ఆ తగ్గుదల 76 శాతం వరకు ఉందనీ 2020లో ప్రకటించారు. నీటిలో ఆమ్లగుణం పెరిగితే గవ్వలకు ఏమవుతుందో ప్రయోగశాలలో ఎంతైనా ఊహించవచ్చు. పారిశ్రామిక యుగం తొలినాళ్ల సముద్రాన్ని తిరిగి చూడాలంటే మాత్రం ఆ సీసాలు తప్ప వేరే దారి లేదు. సముద్రంలోని ఒక రోజును రెండోసారి సేకరించలేం. ఆ లెక్కన చూస్తే అలమరాలో చోటుకయ్యే ఖర్చు చాలా చిన్నది.

ప్రశ్న: మా ప్రయోగశాలలో వందల సీసాల లేబుళ్లు మాసిపోయాయి. ఏ సీసా ఎక్కడిదో తెలియడం లేదు. ఇకముందైనా ఇలా జరగకుండా ఏం చేయాలి?
— ఒక ప్రయోగశాల సహాయకుడు

జవాబు: పెన్సిల్ వాడండి. మామూలు నల్ల పెన్సిల్, మందమైన నూలు కాగితం. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి నీలం మరకగా మిగులుతుంది, లేజర్ ప్రింటర్ అక్షరాలు కొన్నేళ్లకు పొట్టులా ఊడి సీసా అడుగున తేలతాయి. పెన్సిల్ గీత గ్రాఫైట్ కాబట్టి దాన్ని ఏ ద్రవమూ కరిగించదు. లేబుల్ సీసా లోపల ఉండాలి. బయట అంటించినది అదనం మాత్రమే. మూత మీద మాత్రం ఎన్నడూ రాయకండి. ఒకేసారి పది సీసాలు తెరిచినప్పుడు మూతలు తారుమారవుతాయి, ఆ తర్వాత పదింటికి పది తప్పుడు పేర్లతో ఉండిపోతాయి. పేరు లేని సీసా కంటే తప్పుడు పేరున్న సీసా ఎక్కువ హాని చేస్తుంది.

తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు, లోతు, వల రకం, దాని కన్ను ఎంత, ఏ ద్రవంలో భద్రపరిచారు, ఎవరు పట్టారు అన్నవి లేబుల్ మీద ఉండాలి. స్టేషన్ నంబరు ఒక్కటే రాసి, మిగతావి లాగ్‌పుస్తకంలో ఉన్నాయి కదా అనుకోవద్దు, పుస్తకమూ సీసా ఏదో ఒకరోజు విడిపోతాయి. అలాగని లాగ్‌పుస్తకాన్ని తేలిక చేయడమూ తగదు. పైన చెప్పిన ప్లాంక్టన్ రికార్డర్‌కు ఏదైనా చిక్కుకుని పని ఆగినప్పుడల్లా సిబ్బంది అది ఏమిటో రాసిపెట్టేవారు. 1957లో చేపల వల దారం, 1965లో ప్లాస్టిక్ సంచీ చిక్కుకున్నాయని ఉన్న ఆ చిన్న నోట్లే, బహిరంగ సముద్రంలో పెద్ద ప్లాస్టిక్ వస్తువుల చరిత్రకు ఇవాళ ఆధారాలయ్యాయి.

ఇప్పటికే మాసిపోయినవాటిని ఒకేసారి పారేయకండి. సీసాల రకం, అలమరాలో వరుస, చేతిరాత, పాత వ్యాసాల్లోని పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే సగానికైనా చిరునామా దొరకవచ్చు. ఊహతో పెట్టిన పేరును 'ఊహ' అనే రాయండి.

ప్రశ్న: నేను చూసుకునే డయాటమ్ కల్చర్లలో కణాలు ఏడాది ఏడాదికీ చిన్నవైపోతున్నాయి. రెండు కల్చర్లు పూర్తిగా చచ్చిపోయాయి. మాధ్యమం (పెంచే పోషక ద్రవం), వెలుతురు, ఉష్ణోగ్రత ఏవీ మార్చలేదు. నా వల్ల ఏం తప్పు జరిగింది?
— కల్చర్ల బాధ్యత చూసే ఉద్యోగిని

జవాబు: మీ వల్ల ఏ తప్పూ జరగలేదమ్మా, ముందు ఆ దిగులు వదిలేయండి. డయాటమ్ అనే ఏకకణ శైవలానికి గాజు డబ్బాలాంటి పెంకు ఉంటుంది. డబ్బాకు మూత ఉన్నట్లే, ఒక పెద్ద సగం లోపల ఒక చిన్న సగం ఇమిడి ఉంటుంది. కణం రెండుగా చీలినప్పుడు ఒక్కో పిల్లకు ఒక్కో సగం వెళుతుంది, ప్రతి పిల్లా తనకు వచ్చినదాన్నే మూతగా చేసుకుని లోపలి సగాన్ని కొత్తగా కట్టుకుంటుంది. చిన్న సగం అందుకున్న పిల్ల తల్లికంటే చిన్నది కాక తప్పదు. 1869లోనే మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ అనే ఇద్దరు విడివిడిగా ఈ సంగతిని గుర్తించారు. సముద్రంలో అయితే కణాలు ఒక పరిమాణానికి తగ్గాక లైంగికంగా కలిసి, ఆక్సోస్పోర్ అనే దశ ద్వారా మళ్లీ పెద్దవవుతాయి. ఒకే కణం నుంచి పెంచిన కల్చర్‌లో ఆ కలయికకు జోడీ దొరకకపోవచ్చు. అప్పుడు వంశం కుంచించుకుపోయి అంతరిస్తుంది.

అన్ని జాతులూ ఇలా కావు. 1958లో రాబర్ట్ గిల్లార్డ్ వేరుచేసిన థాలాసియోసిరా స్యూడోనానా కల్చర్ ఇప్పటికీ బతికే ఉంది. 2004లో మొట్టమొదటిసారి ఒక డయాటమ్ పూర్తి జన్యుక్రమాన్ని చదివినప్పుడు వాడింది ఆ వంశాన్నే. మధ్యలో గడిచిన 46 ఏళ్లలో ఎంతమంది, ఎన్ని వందలసార్లు, ఒక గొట్టంలోంచి మరో గొట్టంలోకి కొన్ని చుక్కలు మార్చి ఉంటారో ఆలోచించండి. వారి పేర్లు ఏ వ్యాసంలోనూ కనిపించవు. మీరు చేస్తున్నది సరిగ్గా అదే పని. ప్లిమత్‌లో ఆలెన్ 1910 ప్రాంతంలో వేరుచేసిన ఫియోడాక్టైలమ్ అనే మరో డయాటమ్ వంశం కూడా నేటికీ సేకరణల్లో ఉంది.

ప్రాణం నిలిచినా గుణం నిలవాలని లేదు. పోషకాలు నిండుగా ఉండి, తినేవారూ పోటీదారులూ లేని గొట్టంలో ఏళ్ల తరబడి బతికితే జీవి ఆ గొట్టానికే అలవాటు పడుతుంది. సున్నపు పలకలు కట్టుకునే ఎమిలియానియా హక్స్‌లీ వంశాలు కొన్ని కల్చర్‌లో పలకలు కట్టడం మానేశాయి. విషాన్ని తయారుచేసే అలెగ్జాండ్రియమ్ వంశం ఒకటి ఏళ్ల పెంపకంలో విషాన్ని కోల్పోయిన దాఖలా ఉంది. అందుకే వీలైనవాటిని గడ్డకట్టించి ఉంచాలి.

పద్ధతి ఇది. డైమిథైల్ సల్ఫాక్సైడ్ గానీ మెథనాల్ గానీ 5 నుంచి 10 శాతం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 40 దాకా చల్లార్చి, ఆపైన ద్రవ నైట్రోజన్‌లోకి, అంటే మైనస్ 196 డిగ్రీలకు దించుతారు. నెమ్మదిగా చల్లార్చేది ఎందుకంటే, ముందు కణం బయటి నీరు గడ్డకట్టి లోపలి నీటిని మెల్లగా బయటికి లాగాలి. తొందరపడితే లోపలే మంచు సూదులు ఏర్పడి పొరలను చీల్చేస్తాయి. తిరిగి కరిగించేటప్పుడు ఇందుకు తలకిందులు, గోరువెచ్చని నీటిలో ఎంత వేగంగా కరిగిస్తే అంత మంచిది. కరిగించాక ఒకరోజు చీకటిలో ఉంచండి. డైనోఫ్లాజెల్లేట్లలో (తోకలాంటి కశాభాలతో ఈదే ఏకకణ జీవుల్లో) చాలావరకు ఈ పద్ధతికి లొంగవు, వాటిని చేతులతోనే సాకాలి. కుంచించుకుపోయే మీ డయాటమ్‌లను కణాలు పెద్దగా ఉన్నప్పుడే గడ్డకట్టించండి. ఆలస్యమైతే అదే సముద్రం నుంచి మళ్లీ వేరుచేసి, కొత్త నంబరు ఇవ్వండి. పాత నంబరును మాత్రం కొత్త వంశానికి తగిలించకండి.

ప్రశ్న: ద్రవ నైట్రోజన్ అందుబాటులో లేదు. మైనస్ 80 ఫ్రీజర్ చాలదా?

జవాబు: డీఎన్ఏకు, వడపోత కాగితాలకు చాలు. ప్రాణమున్న కణాలకు చాలదు. సుమారు మైనస్ 130 డిగ్రీల దిగువకు వెళ్లేదాకా మంచు స్ఫటికాలు మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. కొద్ది నెలలకైతే పర్వాలేదు కానీ, ఏళ్ల తరబడి ఉంచాలంటే నైట్రోజన్ ట్యాంకు ఉన్న సేకరణకు మీ కల్చర్‌ను పంపడమే దారి.

ప్రశ్న: నేను మూడేళ్లు కష్టపడి వేరుచేసిన ఒక వంశాన్ని వేరే దేశపు పరిశోధక బృందం అడుగుతోంది. ఇస్తే వాళ్లే ముందుగా వ్యాసం ప్రచురిస్తారేమోనని భయంగా ఉంది. ఇవ్వకపోతే తప్పా?
— పీహెచ్‌డీ విద్యార్థి

జవాబు: మీ భయం సహజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను బాబూ. కానీ ముందు నాకు జరిగింది చెబుతాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట, సెలవు రోజుల్లో ఇంక్యుబేటర్ థర్మోస్టాట్ ఒకటి పాడైంది. నేను వచ్చి తలుపు తెరిచేసరికి లోపలి నుంచి వేడిగాలి ముఖానికి కొట్టింది. బంగారు గోధుమ రంగులో ఉండాల్సిన గొట్టాలన్నీ పాలిపోయి, అడుగున తెల్లటి పొడిలా మిగిలి ఉన్నాయి. అందులో ఒక కశాభ జీవి వంశం ఉండేది. దాన్ని నేను ఎవరికీ ఇవ్వదలచుకోలేదు, ఒక్క విద్యార్థిని పదేపదే రాస్తే మొహమాటానికి మాత్రం రెండు గొట్టాలు పంపాను. అప్పటికి రెండేళ్లయింది. సిగ్గుపడుతూనే ఆమెకు ఉత్తరం రాశాను. మూడు వారాల్లో రెండు గొట్టాలు తిరిగి వచ్చాయి, లేబుల్ మీద నేను రాసిన పాత నంబరే ఉంది. ఆ రోజు నుంచి కల్చర్ అడిగినవారికి కాదని చెప్పలేదు.

ప్రాణమున్నదాన్ని ఒకేచోట దాచడమంటే దాన్ని ఒకే ప్రమాదానికి అప్పగించడం. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు ప్రధాన భవనంలోని సేకరణలు చాలావరకు బూడిదయ్యాయి, వేరే భవనంలో ఉన్న వెన్నెముక జీవుల నమూనాలు మిగిలాయి. బ్యాక్టీరియాలకు పేరు పెట్టే నియమావళి 2001 నుంచి ఈ సంగతిని చట్టంగానే మార్చింది: కొత్త జాతి పేరు చెల్లాలంటే దాని ప్రామాణిక వంశాన్ని రెండు వేర్వేరు దేశాల్లోని కనీసం రెండు బహిరంగ సేకరణల్లో జమచేయాలి.

ఇక మీ హక్కు సంగతి. సముద్రగర్భాన్ని తొలిచే అంతర్జాతీయ కార్యక్రమాలు దీనికి ఒక మర్యాద ఏర్పరిచాయి. తవ్వితీసిన మట్టి స్తంభాన్ని నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం పనికి, మరో సగం భద్రానికి. యాత్రలో పాల్గొన్నవారికి ఏడాది పాటు మొదటి అవకాశం ఉంటుంది, ఆ తర్వాత ఎవరైనా కారణం చెప్పి నమూనా అడగవచ్చు. జర్మనీలోని బ్రెమెన్, అమెరికాలోని టెక్సస్, జపాన్‌లోని కొచ్చి భాండాగారాల్లో ఆ స్తంభాలు చల్లటి గదుల్లో ఉన్నాయి. మీరూ అలాగే చేయండి. స్కాట్లాండ్‌లోని సీసీఏపీ, అమెరికాలో బిగెలో ప్రయోగశాల నడిపే ఎన్‌సీఎంఏ, ఫ్రాన్స్‌లోని రాస్కాఫ్ లాంటి కల్చర్ సేకరణల్లో ఒకచోట మీ వంశాన్ని జమచేసి, ఫలితాలు అచ్చయ్యేదాకా కొంతకాలం బయటికి ఇవ్వకుండా ఉంచగలరేమో అడగండి. అడిగిన బృందంతో, ఏ పనికి వాడతారు, మూడోవారికి ఇస్తారా, వంశం నంబరునూ వేరుచేసినవారి పేరునూ వ్యాసంలో ఎలా పేర్కొంటారు అన్నది ఒక పేజీ ఒప్పందంగా రాసుకోండి. మీరు చేస్తున్న పని ఏదో, వారు చేయబోయేది ఏదో ఇద్దరూ దాపరికం లేకుండా చెప్పుకుంటే తగువులు చాలావరకు రావు. వ్యాసం అచ్చయిన తర్వాత కూడా ఇవ్వకపోతే మాత్రం, అవును, అది తప్పే. మీ ఫలితాన్ని సరిచూసే దారి ఇంకొకరికి లేకుండా చేసినట్లవుతుంది.

ప్రశ్న: కల్చర్లను పంపేటప్పుడు దారిలో చచ్చిపోకుండా ఎలా కట్టాలి?

జవాబు: బాగా పెరుగుతున్న దశలో ఉన్న కల్చర్‌ను ఎంచుకోండి, ముదిరిపోయినదాన్ని పంపవద్దు. 15 మిల్లీలీటర్ల మరమూత గొట్టాలను దాదాపు నిండుగా నింపాలి. పైన గాలి ఎక్కువగా ఉంటే దారి పొడవునా నీరు తొణికి, సున్నితమైన కశాభ జీవులు చితికిపోతాయి. మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి, పీల్చుకునే కాగితంతో సంచిలో పెట్టి, థర్మాకోల్ డబ్బాలో సర్దండి. వెచ్చని నీళ్ల జాతులకు మంచు ప్యాకెట్లు పెట్టడం వాటిని చంపడమే. వారం మొదట్లో పంపితే సెలవుల్లో ఎక్కడో గోదాములో చిక్కుకోదు. మాధ్యమం పేరు, లవణత, వెలుతురు, ఉష్ణోగ్రత, ఎన్నాళ్లకొకసారి మారుస్తున్నారు, వెంట బ్యాక్టీరియా ఉందా లేదా అన్నవి కాగితం మీద రాసి లోపల పెట్టండి.

అందుకున్నవారు చేసే పొరపాటు ఆత్రంతో వెంటనే పూర్తి వెలుతురులో పెట్టడం. రోజుల తరబడి చీకటిలో ఉన్న కణాలను అది మాడ్చేస్తుంది. మూత కాస్త వదులు చేసి, మసక వెలుతురులో ఒకరోజు ఉంచి, మైక్రోస్కోప్ కింద కదలిక చూసిన తర్వాత రెండు కొత్త గొట్టాల్లోకి మార్చండి. పాత గొట్టాన్ని నెలరోజులు పారేయవద్దు. చచ్చిందనుకున్నది మూడో వారంలో రంగు తిరగడం నేను చాలాసార్లు చూశాను.

గడ్డకట్టిన కణాలకు డ్రై షిప్పర్ అనే పాత్ర వాడతారు. నైట్రోజన్‌ను దాని గోడలు పీల్చుకుని ఉంటాయి కాబట్టి ఒలికేది ఉండదు, విమానంలో అనుమతి సులభం. ఇథనాల్‌లో ఉన్న నమూనాలకు ఒక్కో గొట్టంలో 30 మిల్లీలీటర్లు మించకపోతే విమాన సంస్థల నియమాల్లో సడలింపు ఉంది. కట్టే తీరు, పెట్టె మీద రాయాల్సిన మాటలు ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: సముద్రం అందరిదీ అంటారు కదా. మరి నమూనాలకు అనుమతులు, ఒప్పందాలు ఎందుకు?

జవాబు: తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఆ తీర దేశానికి ప్రత్యేక హక్కులు ఉంటాయి. అక్కడ వేరే దేశపు నౌక పరిశోధన చేయాలంటే ఆరు నెలల ముందు వివరాలిచ్చి సమ్మతి పొందాలని 1982 నాటి సముద్ర చట్ట ఒడంబడిక చెబుతోంది. దానిలోనే నాకు బాగా నచ్చిన ఒక మాట ఉంది: శాస్త్రీయ విలువ చెడకుండా పంచగలిగిన నమూనాలను తీర దేశం కోరితే పంచి ఇవ్వాలి. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం జన్యు వనరుల వల్ల కలిగే లాభంలో వాటి సొంత దేశానికీ భాగముండాలంటుంది.

ఏ దేశానికీ చెందని నడిసముద్రం సంగతి చాలాకాలం తేలలేదు. దానికోసం 2023 జూన్‌లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. సేకరించబోయే ముందే తెలియజేయాలి, సేకరించాక నమూనాలూ సమాచారమూ ఎక్కడ ఉన్నాయో చెప్పాలి. ఇవన్నీ కాగితాల పనిలా అనిపించవచ్చు. నౌకలు లేని దేశాల పరిశోధకులకు నడిసముద్రపు బురద ఒక చెంచాడు చూసే అవకాశం వీటివల్లే వస్తుంది కాబట్టి, ఆ శ్రమ పడదగినదేనని నేను గట్టిగా నమ్ముతాను. అనుమతి పత్రాల నకళ్లను కల్చర్ వివరాలతో కలిపే ఉంచండి. పత్రాలు లేని వంశాన్ని మంచి సేకరణలేవీ తీసుకోవు.

ప్రశ్న: పగడాలను కూడా గడ్డకట్టించి దాచవచ్చా?
— పదో తరగతి విద్యార్థిని

జవాబు: కొంతవరకు దాచవచ్చు తల్లీ. పగడాలు ఏడాదిలో కొద్ది రాత్రులు మాత్రమే బీజకణాలను నీటిలోకి వదులుతాయి. ఆ రాత్రుల్లో శాస్త్రజ్ఞులు కాచుకుని ఉండి వీర్యకణాలను సేకరించి ద్రవ నైట్రోజన్‌లో దాస్తున్నారు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడాలకు 2011 నుంచి ఇలాంటి నిధి ఉంది. అండాలు పెద్దవి, కొవ్వు నిండినవి కనుక ఇంకా లొంగడం లేదు. ఒక జాతి పగడపు డింభకాలను గడ్డకట్టించి, లేజర్‌తో క్షణంలో వేడిచేసి, మళ్లీ ఈదేలా చేసినట్లు 2018లో ప్రకటించారు.

ప్రశ్న: మా నాన్నగారు సముద్ర జీవశాస్త్రవేత్త. ఆయన పోయాక విభాగంలోని ఆయన గది ఖాళీ చేయమంటున్నారు. అందులో రెండు అలమరాల నిండా సీసాలున్నాయి. నాకు ఈ శాస్త్రం తెలియదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, దేన్నీ సింకులో పారబోయనివ్వకండి. ఫార్మలిన్ కాలువలోకి పోకూడదు, పైగా ఒకసారి పారబోస్తే నమూనాలు తిరిగి రావు. సీసాలను వాటి వరుస చెదరకుండా ఫోటోలు తీయండి, ఒక్కో అరకు ఒక్కో ఫోటో, లేబుళ్లు కనిపించేలా మరికొన్ని. తర్వాత ఆయన నోటుపుస్తకాలు, ఓడ ప్రయాణాల లాగ్‌లు, కంప్యూటర్‌లోని పట్టికలు వెతకండి. సీసాల కంటే ముందు వీటిని మీ చేతిలోకి తీసుకోండి, ఎందుకంటే గది ఖాళీ చేసేవారు మొదట బుట్టలో వేసేవి కాగితాలే. ఆయనతో కలిసి వ్యాసాలు రాసినవారిలో ఒకరికి ఆ ఫోటోలు పంపి, ఏ నమూనాల ఆధారంగా కొత్త జాతులను వర్ణించారో అడగండి. అలాంటి టైప్ నమూనాలు ఒక్కటున్నా మ్యూజియంలు తప్పక ఆసక్తి చూపుతాయి. జవాబు వచ్చేదాకా కొన్ని నెలల గడువు కావాలని విభాగానికి రాతపూర్వకంగా అడగండి. ఆ ఉత్తరంతో పాటు ఫోటోలు కూడా జతచేయండి.